ఇంగ్లీషులో టెన్సులు ఎన్ని? రెండా, పన్నెండా, ముప్ఫై ఆరా?

చెన్నైలో విల్లివాక్కం, పెరంబూరు, చూళైమేడు లాంటి చోట్ల తెలుగువారి ఇళ్లలో ఏడెనిమిది తరగతులు చదివే పిల్లల ఇంగ్లీషు నోటుబుక్కు తెరిస్తే, ఎక్కడో ఒక పేజీలో స్కేలు పెట్టి గీసిన పట్టిక ఒకటి కనిపిస్తుంది. అడ్డంగా మూడు వరుసలు: ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. నిలువుగా నాలుగు: సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. మొత్తం పన్నెండు గళ్లు, గడికొక పేరు, పేరు కింద ఒక వాక్యం. చివరి గడిలో ఉండే ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌తో ఏం పనో చాలామంది పిల్లలకు తెలియదు. పరీక్షలో అడుగుతారు కాబట్టి నేర్చుకుంటారు. ఈ పిల్లల్లో ఎవరైనా పెద్దయ్యాక భాషాశాస్త్రం చదవడానికి వెళితే, అక్కడ తొలి పాఠాల్లోనే ఇంగ్లీషులో టెన్సులు రెండేనన్న మాట వినిపిస్తుంది. ఇంకొంచెం ముందుకు వెళితే నాలుగనేవారు, ఎనిమిదనేవారు, ముప్ఫై ఆరనేవారు కూడా ఎదురవుతారు.

లెక్కలు ఇంత దూరదూరంగా ఉన్నా, వాటి వెనక ఉన్న ఇంగ్లీషు ఒక్కటే. ఏ వాక్యం సరైనదో, ఏది కాదో అన్న విషయంలో వీరి మధ్య తగాదా దాదాపు లేదు. దేన్ని ఒక టెన్సుగా ఎంచాలి అన్న దగ్గరే దారులు చీలుతాయి. కాబట్టి ఎన్ని అని అడిగే ముందు టెన్స్ అంటే ఏమిటని అడగాలి. బడిలో పట్టిక గీయించేటప్పుడు ఆ మొదటి ప్రశ్న తరచుగా దాటిపోతుంది.

తెలుగులో చిక్కు కొంత మాటలోనే ఉంది. గడియారం చూపించేదీ కాలమే, క్రియాపదం చూపించేదీ కాలమే. తమిళంలోనూ రెంటికీ ఆ మాటే. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరు వేరు మాటలున్నా, టెన్స్ అన్నది లాటిన్‌లో కాలానికి ఉన్న టెంపుస్ అన్న మాట నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చినదే కావడంతో, అక్కడి వ్యాకర్తలు కూడా చాలాకాలం రెంటినీ కలిపే చూశారు. ఈ వ్యాసంలో కాలం అంటే నిన్న, నేడు, రేపు అని మనిషి అనుభవించేది. టెన్స్ అంటే దాన్ని చూపడానికి క్రియ తన రూపంలో చేసుకునే మార్పు. మొదటిది లోకానికి సంబంధించినది, అందరికీ ఒకటే. రెండోది ఒక్కొక్క భాషకు ఒక్కొక్క తీరుగా ఉంటుంది.

బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త బెర్నార్డ్ కామ్రీ 1985లో టెన్స్ మీద రాసిన పుస్తకంలో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ చాలామందికి ఆధారం. ఒక సంఘటన కాలంలో ఎక్కడుందో చెప్పే పని వ్యాకరణంలో భాగమైపోయినప్పుడు దాన్ని టెన్స్ అనాలని దాని సారం. ఇందులో రెండు షరతులున్నాయి. ఒకటి, చెప్పేది కాలంలో స్థానం కావాలి, అంటే మాట్లాడుతున్న క్షణానికి ముందా, అప్పుడేనా, తర్వాతా అన్నది. రెండు, ఆ పని వ్యాకరణం చెయ్యాలి. నిన్న, రేపు, పోయినేడాది అన్నవి కూడా కాలాన్నే చెబుతాయి గాని, అవి మామూలు మాటలు. వాడటం, మానడం మాట్లాడేవారి ఇష్టం. టెన్సు విషయంలో ఆ ఇష్టం చెల్లదు. ఆవిడ గిండీలో పని చేస్తుందని ఇంగ్లీషులో చెప్పాలంటే 'షి వర్క్స్' అనాలి, ఒకప్పుడు చేసేదంటే 'షి వర్క్‌డ్' అనాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోకుండా వాక్యం పూర్తి కాదు. చైనాలో మాట్లాడే మాండరిన్‌లో క్రియకు ఇలాంటి మార్పే లేదని ఎక్కువమంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. అంతమాత్రాన ఆ భాష మాట్లాడేవారికి నిన్నకూ రేపటికీ తేడా తెలియదని ఎవరూ అనరు. ఆఫ్రికాలో బంటు కుటుంబానికి చెందిన కొన్ని భాషల్లో ఇవాళ జరిగినదానికి ఒక రూపం, నిన్న జరిగినదానికి ఒక రూపం, ఎప్పుడో జరిగినదానికి మరొక రూపం ఉంటాయి.

ఈ నిర్వచనాన్ని ఇంగ్లీషు మీద పెట్టి చూస్తే క్రియ తనంతట తాను మారే చోటు ఒక్కటే దొరుకుతుంది. వర్క్ ఒకవైపు, వర్క్‌డ్ మరోవైపు. గో ఒకవైపు, వెంట్ మరోవైపు. రెండో రూపం గతాన్ని చెబుతుంది. మొదటిది వర్తమానాన్ని చెబుతుందని బడిలో నేర్పుతారు గాని, దాని పరిధి అంతకంటే పెద్దది. 'ద ట్రైన్ లీవ్స్ టుమారో' అన్న వాక్యంలో రేపటి ప్రయాణానికీ అదే రూపం, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పడానికీ అదే రూపం. అందుకే చాలామంది దాన్ని వర్తమానం అనడం మానేసి, గతం కానిది అంటారు. 1985లో రాండల్ఫ్ క్వర్క్, మరి ముగ్గురు కలిసి రాసిన సమగ్ర ఇంగ్లీషు వ్యాకరణం కూడా రెండు టెన్సులనే ఒప్పుకుంది. ఇంగ్లీషులో భవిష్యత్తు గురించి మాట్లాడటానికి దారులు చాలా ఉన్నాయి గాని ఫ్యూచర్ టెన్స్ మాత్రం లేదన్నది ఆ వ్యాకరణం తీసుకున్న వైఖరి.

ఇక్కడే చదువరికి అభ్యంతరం రావాలి. విల్ ఉంది కదా? దీనికి వచ్చే జవాబు ఊరికే పేరు గురించిన పట్టుదలగా కనిపించవచ్చు గాని, దాని వెనక గట్టి కారణాలున్నాయి. విల్ అన్నది క్యాన్, మే, మస్ట్ అన్న మోడల్ క్రియల, అంటే శక్తి, అనుమతి, అవసరం లాంటివి చెప్పే సహాయక క్రియల గుంపులో పుట్టి పెరిగిన మాట. ఆ గుంపు లక్షణాలన్నీ దానికున్నాయి: షి, హి తర్వాత చివర ఎస్ చేరదు, ముందు టు రాదు, రెండు మోడల్ క్రియలు పక్కపక్కన నిలవవు. పాత ఇంగ్లీషులో విల్ అంటే కోరుకోవడం, షల్ అంటే బాకీ ఉండటం. ఆ రోజుల్లో రేపటి సంగతి చెప్పడానికి మామూలు వర్తమాన రూపమే సరిపోయేది. ఇప్పటికీ రేపు వాన పడితే అనడానికి 'ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో' అంటారే గాని అక్కడ విల్ పెట్టరు. ఫ్రెంచిలో క్రియకు నిజంగా భవిష్యత్ రూపం ఉంది కాబట్టి, ఆయన వచ్చినప్పుడు అన్న చోట కూడా, రాక రేపటిదైతే, ఆ రూపమే వస్తుంది. ఇంగ్లీషులో ఆ చోట విల్ తప్పుకుంటుంది.

అంతకంటే బలమైన సాక్ష్యం విల్ భవిష్యత్తు చెప్పని వాక్యాల్లో ఉంది. చెన్నై సెంట్రల్‌లో విజయవాడ బండి ఎక్కించి ఇంటికొచ్చిన తండ్రి రెండున్నర గంటల తర్వాత గడియారం చూసి, ఈపాటికి బండి గూడూరు దాటి ఉంటుంది అంటాడు. ఇంగ్లీషులో అది 'ద ట్రైన్ విల్ హావ్ క్రాస్డ్ గూడూర్ బై నౌ' అవుతుంది. నోటుబుక్కు పట్టికలో వెతికితే ఈ రూపం ఫ్యూచర్ పర్ఫెక్ట్ గడిలో దొరుకుతుంది. కాని వాక్యం చెబుతున్నది రేపటి సంగతి కాదు. తండ్రి లెక్క ప్రకారం బండి గూడూరు దాటడం అయిపోయింది. విల్ ఇక్కడ మోస్తున్నది కాలాన్ని కాదు, చూడకుండా వేసిన అంచనాని. తెలుగులో 'దాటి ఉంటుంది' చేస్తున్న పని కూడా అదే. తలుపు చప్పుడైతే, ఎవరో చూడకముందే 'దట్ విల్ బి ద కొరియర్' అనడమూ ఇలాంటిదే. గడి పేరు చూసి అర్థం నేర్చుకున్న విద్యార్థి ఈ వాక్యం ఎదురైనప్పుడు తికమకపడతాడు. విల్ ఒక అంచనా మాటని, అంచనాలు ఎక్కువగా రేపటి గురించి ఉంటాయని తెలిసినవాడికి ఇబ్బంది ఉండదు.

పోనీ విల్‌ను టెన్సుగానే లెక్కిద్దాం. అప్పుడు వుడ్ సంగతేమిటి? విల్‌కు గత రూపం వుడ్. వస్తానన్నాడు అని చెప్పడానికి 'హి సెడ్ హి వుడ్ కమ్' అనే ఇంగ్లీషులో, ఇఫ్‌తో వచ్చే వాక్యాల్లోనూ అది తరచుగా వినిపిస్తుంది. విల్ ఒక వరుసైతే వుడ్ ఇంకొక వరుస కావాలి. అప్పుడు మూడు నాలుగుల పన్నెండు కాస్తా నాలుగు నాలుగుల పదహారవుతుంది. కొన్ని వ్యాకరణాలు నిజంగానే పదహారు లెక్కిస్తాయి, ఆ నాలుగో వరుసకు గతంలోని భవిష్యత్తు అనో, కండిషనల్ అనో పేరు పెడతాయి. సొంత తర్కానికి కట్టుబడిన లెక్క అది. పన్నెండు అన్నది ఆ తర్కాన్ని మూడు వంతులు నడిపి ఆపేసిన లెక్క. ఇక విల్‌కు ఇచ్చిన చోటు మే, క్యాన్, మస్ట్‌లకు ఎందుకివ్వరాదని అడిగితే, విల్ ఎక్కువగా భవిష్యత్తును చెబుతుంది అన్న జవాబొక్కటే మిగులుతుంది. అంటే రూపాన్ని వదిలి అర్థాన్ని లెక్కించడం మొదలైందన్నమాట.

పట్టికలోని నిలువు గళ్ల సంగతి వేరు. వాటిలో కంటిన్యువస్ అన్నది కాలంలో స్థానాన్ని చెప్పదు. 'షి వర్క్‌డ్', 'షి వాజ్ వర్కింగ్' రెండూ నిన్నటి సంగతే చెప్పగలవు. మొదటిది పనిని ఒక ముద్దగా చూపితే రెండోది లోపలి నుంచి, జరుగుతూండగా చూపుతుంది. దీన్ని భాషాశాస్త్రంలో ఆస్పెక్ట్ అంటారు. కాలం మారకుండా చూసే చోటు మారడమే ఇందులోని విషయం. అమెరికా భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1957లో ఇంగ్లీషు సహాయక క్రియల వరుసను ఒకే సూత్రంలో రాశారు: టెన్స్ తప్పనిసరి, దాని తర్వాత మోడల్, హావ్, బీ అన్నవి ఉంటే ఉండవచ్చు, లేకుంటే లేదు, ఉంటే మాత్రం అదే వరుసలో ఉండాలి. పన్నెండు గళ్లూ అందులో ఇమిడిపోతాయి. పట్టికలో అన్నిటికంటే పొడవైన 'విల్ హావ్ బీన్ వర్కింగ్' తీసుకుంటే, టెన్స్ మోసేది మొదటి మాట ఒక్కటే. దాన్ని గతానికి మార్చాలంటే విల్ వుడ్ అవుతుంది. హావ్, బీన్, వర్కింగ్ కదలవు. 'హాజ్ బీన్ వర్కింగ్' తీసుకుంటే హాజ్ హాడ్ అవుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. మాటల బారు ఎంత పొడుగైనా టెన్స్ మీట ఒకటే, దానికి రెండే స్థానాలు. పన్నెండు పేర్లను విడివిడిగా కంఠస్థం చేయించడం కంటే ఈ సంగతి ఒక్కసారి చూపడం పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

రెండేనన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిందనుకుంటే పొరపాటు. జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలోనే ఇంగ్లీషు క్రియకు రెండు టెన్సులే ఉన్నాయన్నాడు. అనంతానికి ఇప్పుడు వాడే గుర్తును గణితంలోకి తెచ్చినవాడు ఆయనే. 1761లో వ్యాకరణం రాసిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇంకా సూటిగా, భవిష్యత్తు కోసం ఇంగ్లీషు క్రియ తన రూపం మార్చుకోదు కాబట్టి ఫ్యూచర్ టెన్సుతో మనకు పని లేదన్నాడు. ఆక్సిజన్ ప్రయోగాలతో తర్వాత పేరు తెచ్చుకున్న ప్రీస్ట్‌లీ ఆయనే. కాని బడుల్లో నిలిచింది వీరి మాట కాదు. లాటిన్ క్రియకు ఆరు టెన్సులున్నాయి, అక్కడ కర్తరి ప్రయోగంలో ప్రతి దానికీ క్రియ నిజంగానే రూపం మార్చుకుంటుంది. లిండ్లీ మరే 1795లో ప్రచురించిన ఇంగ్లీషు వ్యాకరణం ఆ అచ్చులోనే ఇంగ్లీషుకూ ఆరు టెన్సులు లెక్కించింది, వాటిలో రెండు ఫ్యూచర్లు. ఆ పుస్తకం అట్లాంటిక్‌కు రెండు వైపులా ఎన్నో ముద్రణలు పొందింది. లాటిన్ ఆరుకు కంటిన్యువస్ రూపాలు జోడిస్తే పన్నెండు వస్తుంది. పట్టిక వంశవృక్షం స్థూలంగా ఇదీ.

అయితే రెండేనన్న వాదాన్ని కూడా ప్రశ్నించకుండా వదలకూడదు. ఫ్రెంచి భవిష్యత్ రూపం నిజమైన టెన్స్ అంటున్నాం. కాని అదీ ఒకప్పుడు రెండు మాటలే: పాడవలసి ఉంది అని అర్థమిచ్చే లాటిన్ పదబంధంలో వెనక ఉన్న సహాయక క్రియ కాలక్రమంలో కరిగి ప్రత్యయమైంది. విల్ కూడా మాటల్లో ఐల్, షిల్ అంటూ ముందు మాటకు అతుక్కుంటూనే ఉంది. తెలుగులో చేయుచు ఉన్నాను అన్న రెండు మాటలు చేయుచున్నానై, ఇప్పుడు చేస్తున్నాను అన్న ఒకే మాటగా వినబడుతున్నాయి. మధ్యలో ఖాళీ ఉంటే టెన్స్ కాదు, లేకుంటే టెన్స్ అనడం న్యాయం కాదు. రెండు మాటల్లో చెప్పిన టెన్సు కూడా టెన్సేనని ఒప్పుకునేవారు ఉన్నారు, వారి లెక్కలు సహజంగానే పెరుగుతాయి. బెల్జియంకు చెందిన రెనాట్ డెక్లెర్క్ విల్, వుడ్, హావ్ మూడింటినీ టెన్సు వ్యవస్థలో భాగంగా తీసుకుని ఎనిమిది లెక్కించారు. మరో భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే టెన్స్ అన్నది ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే ఎంపిక అన్నారు: ముందు మాట్లాడే క్షణం నుంచి చూసి గతం, వర్తమానం, భవిష్యత్తుల్లో ఒకటి ఎంచుకుని, అక్కడి నుంచి మళ్లీ ఒకటి ఎంచుకుని, ఇలా కొన్ని పరిమితులకు లోబడి ముందుకు పోతే ముప్ఫై ఆరు వస్తాయి. ఎవరూ రోజువారీ మాటల్లో ఆ ముప్ఫై ఆరూ వాడరు గాని, ఆ లెక్క అడ్డగోలుది కాదు. దాని నియమం దానికుంది.

రెంటికీ ముప్ఫై ఆరుకూ మధ్య ఎక్కువ నమ్మదగినదిగా కనిపించేది రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లం 2002లో వెలువరించిన కేంబ్రిడ్జి వ్యాకరణంలోని విశ్లేషణ. వారి ప్రకారం గతం, గతం కానిది అన్నది మొదటి మెట్టు. హావ్‌తో వచ్చే పర్ఫెక్ట్ రెండో మెట్టు, అదీ టెన్సే. పర్ఫెక్ట్‌ను చాలామంది ఆస్పెక్ట్ కింద వేస్తారు. కాని అది చేసే పని వరుస చెప్పడం, అంటే ఒక సంగతి ఇంకొకదానికి ముందు జరిగిందని చూపడం. ఇందుకు ఆధారం తర్కవేత్త హాన్స్ రైషెన్‌బాఖ్ 1947లో చూపిన మూడు బిందువుల పద్ధతిలో ఉంది. సెంట్రల్‌కు చేరేసరికి బండి వెళ్లిపోయింది అన్న వాక్యాన్నే తీసుకుంటే, అందులో మాట్లాడుతున్న క్షణం ఒకటి, స్టేషనుకు చేరిన క్షణం ఒకటి, బండి కదిలిన క్షణం ఒకటి. చేరడం మాటకు ముందు, కదలడం చేరడానికి ముందు. ఇంగ్లీషు ఈ రెండు ముందుల్నీ 'హాడ్ లెఫ్ట్' అన్న రెండు మాటల్లో విడివిడిగా చూపుతుంది: హావ్ హాడ్‌గా మారడం ఒక ముందు, హావ్ రావడమే రెండో ముందు. తెలుగు ఆ పనిని చాలావరకు 'చేరేసరికి' అన్న మాటకు అప్పగించి, క్రియను 'వెళ్లిపోయింది' అన్న మామూలు గత రూపంలోనే ఉంచుతుంది. చూశాను అన్న ఒక్క మాట 'సా', 'హావ్ సీన్' రెంటికీ సరిపోవడం వల్లే, మనవాళ్లు నిన్న అన్న మాట పక్కన కూడా 'ఐ హావ్ సీన్ హిమ్' అనేస్తారు. ఇంగ్లీషు అక్కడ ఒప్పుకోదు, ఎందుకంటే హావ్ వర్తమాన రూపంలో ఉన్నంతసేపూ చూసే చోటు ఇప్పుడే కావాలి, అది నిన్నలో ఉండకూడదు.

టెన్స్‌కూ కాలానికీ లంకె ఎంత వదులో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. బస్సులో ఉన్న మనిషి ఫోనెత్తి, ఇదిగో వచ్చేశా, ఇంకో పది నిమిషాలు అంటాడు. రూపం పూర్తిగా గతం, సంగతి ఇంకా జరగాల్సినది, అబద్ధం ఏమీ లేదు. ఇంగ్లీషులో గత రూపం ఇంకొక దారిలో గతాన్ని వదిలేస్తుంది: 'ఇఫ్ ఐ న్యూ' అంటే ఇప్పుడు తెలిసి ఉంటే అని, 'ఇట్స్ టైమ్ వి లెఫ్ట్' అంటే ఇప్పుడిక బయలుదేరాలని. అందుకే ఇంగ్లీషు గత రూపం చెప్పేది స్థూలంగా దూరమని, కాలంలో దూరం అందులో ఎక్కువగా కనిపించే రకమని కొందరు విశ్లేషకులు అంటారు. పాణిని ఈ సంగతిని ఎప్పుడో గుర్తించాడు. 'వర్తమానే లట్' అని ఒక సూత్రంలో లట్ అని తాను పేరు పెట్టిన రూపాన్ని వర్తమాన కాలానికి కట్టి, వర్తమానానికి దగ్గరగా ఉన్న గతానికీ భవిష్యత్తుకూ కూడా వర్తమాన రూపమే వాడవచ్చని 'వర్తమానసామీప్యే వర్తమానవద్వా' అన్న మరో సూత్రంలో చెప్పాడు. స్మ అన్న మాట పక్కన ఉంటే అదే లట్ గతాన్ని చెబుతుందనీ చెప్పాడు. ఆయన లెక్కించింది పది లకారాల్ని, అంటే రూపాల్ని; ఏ రూపం ఏ కాలాన్ని, ఏ భావాన్ని చెబుతుందన్నది విడిగా నియమించాడు. లెక్కించే వస్తువును, దాని అర్థాన్ని వేరు చేసి ఉంచడంలో ఆ పద్ధతికి సాటి వచ్చేవి తక్కువ.

తెలుగు వ్యాకరణానికి వస్తే, చెన్నపట్నంలోనే ప్రెసిడెన్సీ కాలేజీ పండితుడుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వర్తమానం, భూతం, భవిష్యత్తు, తద్ధర్మం (అలవాటునూ స్వభావాన్నీ చెప్పేది) అని నాలుగు చెప్పాడు. వాటిలో భవిష్యత్తు ఇక్కడి చర్చకు చాలా దగ్గరిది. వండగలడు, కొట్టగలడు అని కల అన్న సహాయక క్రియతో వచ్చే రూపాన్ని ఆయన భవిష్యత్తుగా లెక్కించాడు. ఇవాళ వండగలడు అంటే వండటం చేతనవును అని మొదట తోస్తుంది. పెళ్లి శుభలేఖలో 'విచ్చేయగలరు' అంటే వినతి, ఆఫీసు నోటీసులో 'గమనించగలరు' అంటే మర్యాదగా చేసిన ఆదేశం. ఒక సహాయక క్రియ భవిష్యత్తు, శక్తి, వినతి అన్న మూడు ఇళ్ల మధ్య తిరుగుతూ ఉంది. విల్ కూడా కోరిక, అంచనా, భవిష్యత్తుల మధ్య ఇలాగే తిరుగుతుంది. రేపన్నది ఎవరూ చూడనిది కాబట్టి దాని గురించి మాట్లాడే రూపాలు కోరికల నుంచో, బాధ్యతల నుంచో, అంచనాల నుంచో పుట్టడం ఎన్నో భాషల్లో కనిపిస్తుంది.

మన వాడుక తెలుగులో చేశాను అన్నదానికి ఎదురు నిలిచేది చేస్తాను. రేపు చేస్తాను అన్నా అదే, రోజూ చేస్తాను అన్నా అదే. అంటే తెలుగు కూడా, కాదనడానికి ఉన్న చేయను లాంటి రూపాల్ని పక్కన పెడితే, గతం, గతం కానిది అన్న రెండు మెట్ల మీదే నిలబడుతుంది. వీధిలోకి వెళితే తమిళం వేరే లెక్క చెబుతుంది. సెయ్‌దేన్, సెయ్‌గిఱేన్, సెయ్‌వేన్ అని క్రియ మధ్యలోనే మూడు వేరు వేరు గుర్తులు. కాలాలు మూడని ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం చెప్పిన మాట తమిళ విద్యార్థులకు కొత్త కాదు, 2006 నాటి చట్టంతో తమిళం పాఠ్యాంశంగా చదువుతున్న తెలుగింటి పిల్లలకూ ఈ మూడూ పరిచయమే. అయినా రేపు వస్తానని చెప్పడానికి చెన్నైలో 'నాళైక్కు వరేన్' అని వర్తమాన రూపమే తరచుగా వినిపిస్తుంది, ఆ రోజుల్లో ఆయన దినమూ వచ్చేవారు అనడానికి 'వరువార్' అన్న భవిష్యత్ రూపం వాడతారు. పైగా తమిళ క్రియలో వర్తమానానికి ఉన్న ఆ గుర్తు తర్వాత చేరినదని, సంగకాలపు, అంటే తొలి తమిళ సాహిత్యం నాటి, భాష ప్రధానంగా గతం, గతం కానిది అన్న తేడాతోనే నడిచిందని భాషాచరిత్రకారులు చెబుతారు. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో ద్రావిడ భాషల మీద వెలువరించిన పుస్తకంలో మూలద్రావిడానికి పునర్నిర్మించిందీ ఈ రెండే. జర్మానిక్ కుటుంబానికి చెందిన ఇంగ్లీషుకూ, ద్రావిడ కుటుంబానికి చెందిన తెలుగుకూ చుట్టరికం లేకపోయినా, పునాది దగ్గర రెంటి లెక్కా ఒకటే.

కాబట్టి తెలుగు పిల్లలకు ఇంగ్లీషు క్రియలో నిజంగా కష్టమైన చోటు పన్నెండు పేర్లలో లేదు. అది చేస్తున్నాను లాంటి మాటల్లో ఉంది. ఇప్పుడు వంట చేస్తున్నాను అంటాం, నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు వంట చేస్తున్నాను అని కూడా అంటాం. ఇంట్లో ఉన్నాను అన్నదీ అంతే, ఇప్పటికైనా నిన్నటికైనా మాట మారదు. పని సాగుతోందని ఈ రూపం చెబుతుంది గాని, ఎప్పుడన్నది పక్కనున్న మాటలకు వదిలేస్తుంది. ఆస్పెక్ట్ ఉంది, టెన్స్ నిద్రపోతోంది. ఇంగ్లీషులోకి వెళ్లగానే ఆ నిద్ర చెల్లదు, యామ్ అనాలో వాజ్ అనాలో ప్రతిసారీ తేల్చుకోవాలి. నిన్నటి ఫోను సంగతి చెబుతూ 'ఐ యామ్ కుకింగ్' అని రాసిన పిల్లవాడికి మాస్టారు ఎర్ర సిరాతో గీత గీసి పక్కన పాస్ట్ కంటిన్యువస్ అని రాస్తారు. ఆ పేరు పిల్లవాడికి ముందే తెలుసు, పట్టికలో రెండో వరుస రెండో గడిలో తనే రాసుకున్నాడు. తెలియనిది, తన తెలుగు మాట కాలం గురించి ఏమీ చెప్పడం లేదని.